తొలి రోబోవార్ బాట్‌కు ఏ వెపన్ పెట్టాలి? ఎలా కట్టాలి?

రోబోవార్ అంటే రిమోట్‌తో నడిపే రోబోలు, అంటే బాట్‌లు, అరీనా అనే మూసిన గోదాలో కొట్టుకునే పోటీ. బాట్ దాడికి వాడే భాగమే వెపన్. కాలేజీ ఫెస్టుల సీజన్ దగ్గర పడిందంటే చాలు, బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, మా బాట్‌కు ఏ వెపన్ పెడితే గెలుస్తాం?" అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు నుంచి వచ్చి హాస్టళ్లలో, పీజీల్లో ఉంటూ, నలుగురైదుగురు డబ్బులు పోగేసుకుని తొలి 8 కేజీల బాట్ మొదలుపెట్టేవాళ్లు వీళ్లు. అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెపన్ ఎంత వేగంగా తిరుగుతుందో చూసి మురిసిపోకండి. ఎదుటి బాట్‌ను అది ఎంత లోతుగా పట్టుకుంటుందో చూడండి. ఆ పట్టునే బైట్ అంటాం. అది లేకపోతే వెపన్‌లో ఎంత శక్తి ఉన్నా, సానరాయి మీద కత్తి పెట్టినట్టు నిప్పురవ్వలు వస్తాయి తప్ప దెబ్బ తగలదు. వెపన్ రకం, దాని అంచున పొడుచుకొచ్చి కొట్టే పళ్ల లెక్క, మోటారు, చక్రాల వేగం అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఏ వెపన్ ఎవరికి

వెడ్జ్: ముందు ఏటవాలు ప్లేటు, అంతే. చవక, గట్టిది, దాదాపు పాడవదు. కానీ చాలా పోటీల్లో కదిలే వెపన్ ఉండి తీరాలి, జడ్జీలు కూడా డ్యామేజీకి మార్కులు ఇస్తారు. కాబట్టి వెడ్జ్‌ను వెపన్‌కు తోడుగా వాడండి.

లిఫ్టర్: గేర్ మోటారుతో నెమ్మదిగా పైకి లేచే చేయి. దీన్ని చిన్నచూపు చూడకండి. అమెరికాలోని బ్యాటిల్‌బాట్స్ పోటీలో 2015 ఫైనల్లో బైట్ ఫోర్స్ అనే బాట్, అడ్డంగా బార్ తిప్పే టూంబ్‌స్టోన్‌ను ఓడించింది. అప్పుడు బైట్ ఫోర్స్ దగ్గర తిరిగే వెపన్ లేదు, పట్టుకుని ఎత్తే చేయి మాత్రమే ఉంది. డ్రైవింగ్ బాగా వచ్చిన టీమ్‌కు, లేత్ పనికి డబ్బు లేని టీమ్‌కు లిఫ్టర్ మంచి దారి.

ఫ్లిప్పర్: గాలి ఒత్తిడితో ఒక్క ఊపున ఎగరేస్తుంది. 50 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కు 10 బార్ ఒత్తిడి ఇస్తే సుమారు 200 కేజీల తోపు వస్తుంది. చూడటానికి చాలా బాగుంటుంది కానీ ట్యాంకు, రెగ్యులేటర్, వాల్వు, సేఫ్టీ వాల్వు అన్నీ సరైనవే కావాలి. కూల్‌డ్రింక్ బాటిళ్లతో, ఎక్కడో పాత సామాన్లలో దొరికిన సిలిండర్లతో గాలి నింపే ప్రయోగాలు అస్సలు వద్దు. తొలి బాట్‌కు దీన్ని నేను సిఫారసు చేయను.

హామర్, గొడ్డలి: పైనుంచి కొట్టేవి. సగం చుట్టు తిరిగేలోపు మోటారు ఎంత శక్తి ఇవ్వగలదో అంతే దెబ్బ. స్పిన్నర్‌లా, అంటే గిర్రున తిరిగే వెపన్‌లా, కొన్ని సెకన్ల పాటు శక్తి కూడబెట్టుకునే అవకాశం దీనికి లేదు. రంపం కూడా అంతే, ఎదుటి బాట్ ఒకచోట నిలబడితేనే కోస్తుంది, అది నిలబడదు. క్రషర్‌కు హైడ్రాలిక్స్ బరువు ఎక్కువ, 8 కేజీల్లో ఇమడ్చడం కష్టం.

అడ్డ స్పిన్నర్: నేలకు సమాంతరంగా తిరిగే బార్. అన్నింటికన్నా ఎక్కువ శక్తి దీనిదే. 2 కేజీల బరువు, 40 సెం.మీ. పొడవు ఉన్న బార్ 4000 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) తిరిగితే సుమారు 2300 జౌళ్ల శక్తి ఉంటుంది, దాని కొన గంటకు 300 కి.మీ. వేగంతో కదులుతుంది. అయితే కొట్టిన ప్రతిసారీ మీ బాట్ కూడా అంతే ఊపుతో పక్కకు ఎగిరి గోడకు తగులుతుంది. ఫ్రేమ్, షాఫ్ట్, వెల్డింగ్, బ్యాటరీ కట్టు, వీటిలో ఏది బలహీనంగా ఉన్నా మీ దెబ్బకు మీరే ఆగిపోతారు. టూంబ్‌స్టోన్ 2016లో ఛాంపియన్ అయింది నిజమే, కానీ దాని వెనక ఏళ్ల అనుభవం ఉంది. రెండో బాట్‌కో మూడో బాట్‌కో దీన్ని దాచుకోండి.

నిలువు స్పిన్నర్: డిస్క్ (పళ్లున్న చక్రం), డ్రమ్ (పళ్లున్న వెడల్పాటి గొట్టం), బీటర్ (డ్రమ్‌కు దగ్గరి రకం) ఈ కోవలోకి వస్తాయి. పన్ను కింది నుంచి పైకి కొడుతుంది. ఎదుటి బాట్ గాల్లోకి లేస్తుంది, మీ బాట్ నేలకు అదుముకుంటుంది. అరీనా నేలే మీకు ఆసరా కాబట్టి మీరు పక్కకు ఎగిరిపోరు. బైట్ ఫోర్స్ తర్వాత నిలువు స్పిన్నర్‌కు మారి 2018, 2019లో గెలిచింది. 2018 ఫైనల్లో దాని ఎదుట నిలిచిన బ్రెజిల్ బాట్ మినోటార్‌ది డ్రమ్మే.

తొలి 8 కేజీల బాట్‌కు నా ఎంపిక చిన్న డ్రమ్. డిస్క్ కన్నా పొట్టిగా ఉంటుంది, తిప్పినప్పుడు బాట్ ఒక పక్కకు లేచే బాధ తక్కువ, లేత్ మీద చేయించుకోవడం సులువు. కింది స్టెప్పులన్నీ దాని గురించే. లిఫ్టర్ వైపు వెళ్లేవాళ్లకు చివర్లో వేరుగా రాశాను.

కావలసినవి

డ్రమ్‌కు ఈఎన్24 అనే మిశ్రమ ఉక్కు రౌండ్ బార్ లేదా మందపాటి గొట్టం, పళ్లకు ఈఎన్24 ముక్కలు, 17 లేదా 20 మి.మీ. షాఫ్ట్, 6203 లేదా 6204 బేరింగులు రెండు. సుమారు 500 కేవీ (ఒక్కో వోల్టుకు అన్ని ఆర్‌పీఎం) ఉన్న బ్రష్‌లెస్ అవుట్‌రన్నర్ మోటారు, 100 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), 6ఎస్, అంటే వరుసగా ఆరు సెల్స్ ఉన్న, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. బెల్టు, పుల్లీలు. 12.9 గ్రేడ్ అలెన్ బోల్టులు, నైలాక్ నట్లు, నీలం రంగు థ్రెడ్‌లాకర్. కనీసం ఆరు ఛానెళ్ల 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్. డిజిటల్ టాకోమీటర్ (తిరిగే వేగం కొలిచేది) ఒకటి కొనండి లేదా ల్యాబ్‌లో అడిగి తీసుకోండి, అది లేకుండా ఆర్‌పీఎం గురించి ఎవరు ఏం చెప్పినా ఊహే. కళ్లద్దాలు, చేతి తొడుగులు, బ్యాటరీ పెట్టుకోవడానికి ఇసుక బకెట్.

తిరగాల్సిన చోట్లు రెండే. ఎలక్ట్రానిక్స్, బేరింగులు, బోల్టులు, బెల్టులకు ఎస్‌పీ రోడ్డు, దాని పక్కనే ఎస్‌జేపీ రోడ్డు. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. లేజర్ కటింగ్, లేత్, మిల్లింగ్, హీట్ ట్రీట్‌మెంట్‌కు పీణ్య పారిశ్రామిక వాడ. అదే గ్రీన్ లైన్‌లో పీణ్య ఇండస్ట్రీ స్టేషన్‌లో దిగితే సరి. రెండు చోట్లా తెలుగు అర్థమయ్యేవాళ్లు దొరుకుతారు, రెండు ముక్కలు కన్నడ కలిపితే పని ఇంకా తొందరగా అవుతుంది. పీణ్యలో ఒక్క ముక్క కోసం వచ్చే విద్యార్థుల పని పెద్ద ఆర్డర్ల మధ్య ఇరికించి చేయాలి కదా, అందుకని పోటీకి నెల ముందే వెళ్లండి. నోటితో కొలతలు చెప్పకండి. కొలతలు, టాలరెన్సులు (ఎంత తేడా రావొచ్చో) రాసిన డ్రాయింగ్ ప్రింట్, కటింగ్ మెషిన్‌కు ఇచ్చే డీఎక్స్‌ఎఫ్ ఫైల్ రెండూ చేతిలో ఉండాలి.

1. ముందు రూల్‌బుక్ చదవండి

ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్ అయినా, మీ పక్క కాలేజీ ఫెస్ట్ అయినా ప్రతి పోటీకి సొంత రూల్‌బుక్ ఉంటుంది. బరువు, సైజు, బ్యాటరీ వోల్టేజీ పరిమితి, గాలి ఒత్తిడి పరిమితి, వెపన్ లాక్ (వెపన్ తిరగకుండా పట్టి ఉంచేది), కిల్ స్విచ్ (బాట్‌కు కరెంటు ఆపేది) ఎక్కడ ఉండాలి, వెపన్ ఎన్ని సెకన్లలో ఆగాలి, ఇవి రాసి పెట్టుకోండి. చాలా చోట్ల 60 సెకన్లలోపు ఆగాలంటారు. వలలు, ద్రవాలు, మంట, సిగ్నల్ జామర్లు దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. వోల్టేజీ దగ్గర ఒక్క జాగ్రత్త: 6ఎస్ బ్యాటరీ మీద 22.2 అని రాసి ఉన్నా, ఫుల్ ఛార్జ్‌లో 25.2 వోల్టులు చూపిస్తుంది. పరిమితి 24 అని ఉంటే అది ఏ లెక్కన అన్నారో నిర్వాహకులను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

2. బరువు పంచుకోండి

8 కేజీల్లో నేను ఇలా పంచుతాను: వెపన్ మొత్తానికి, అంటే డ్రమ్, షాఫ్ట్, మోటారు, బెల్టు కలిపి 3 కేజీలు. డ్రైవ్ మోటార్లు, చక్రాలు 1.6. ఫ్రేమ్, కవచం 2.2. బ్యాటరీలు, ఎలక్ట్రానిక్స్ 0.8. బోల్టులు, వైర్లు 0.2. మిగిలిన 200 గ్రాములు ముట్టుకోకండి. బోల్టులు, వైర్లు అనుకున్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే తూగుతాయి, వేదిక దగ్గర తూకం మీ ఇంటి తూకంతో సరిగ్గా కలవకపోవచ్చు.

3. బైట్ లెక్క వేయండి

ఈ ఒక్క లెక్క చేయకుండా డ్రాయింగ్ మొదలుపెట్టొద్దు. ఒక పన్ను వెళ్లి ఇంకో పన్ను వచ్చేలోపు మీ బాట్ ముందుకు ఎంత దూరం వెళ్తుందో అదే మీకు దొరికే గరిష్ఠ బైట్.

ముందు సెకనుకు ఎన్ని పళ్లు వెళ్తాయో చూడండి: ఆర్‌పీఎంను 60తో భాగించి, పళ్ల సంఖ్యతో గుణించండి. తర్వాత బాట్ వేగాన్ని ఆ సంఖ్యతో భాగించండి.

మనవాళ్లు ఎక్కువగా వాడే 300 ఆర్‌పీఎం జాన్సన్ గేర్ మోటారుకు 100 మి.మీ. చక్రం వేస్తే బాట్ సెకనుకు సుమారు 1.57 మీటర్లు వెళ్తుంది. డ్రమ్ 6000 ఆర్‌పీఎం, రెండు పళ్లు అయితే సెకనుకు 200 పళ్లు వెళ్తాయి, బైట్ దాదాపు 8 మి.మీ. అదే 12,000 ఆర్‌పీఎం, నాలుగు పళ్లు పెడితే బైట్ 2 మి.మీ.కు పడిపోతుంది. కాగితం మీద శక్తి నాలుగింతలు, అరీనాలో మాత్రం ఎదుటివాళ్ల ప్లేటు మీద గీతలు.

కాబట్టి పళ్లు తగ్గించండి, ఆర్‌పీఎం అదుపులో పెట్టండి, బాట్ ముందుకు దూసుకెళ్లే వేగం పెంచండి. 5 మి.మీ. కన్నా తక్కువ బైట్ వస్తుంటే డిజైన్ మార్చండి. పన్ను డ్రమ్ మీద నుంచి బయటికి 10 మి.మీ. ఉంటే ఈ లెక్కకు చాలు. అంతకన్నా పొడుగైతే ఆ అదనపు పొడవుకు పనేమీ ఉండదు, విరగడానికి మాత్రం అవకాశం పెరుగుతుంది.

4. డ్రమ్ కొలతలు

మొదలుపెట్టడానికి ఒక కొలత: బయటి వ్యాసం 80 మి.మీ., లోపలి వ్యాసం 56 మి.మీ., పొడవు 90 మి.మీ. ఉన్న ఉక్కు గొట్టం సుమారు 1.8 కేజీలు తూగుతుంది. రెండు పక్కల మూతలు, రెండు పళ్లు కలిపితే 2.3 దగ్గరికి వస్తుంది. 6000 ఆర్‌పీఎంలో ఇందులో సుమారు 500 జౌళ్లు నిల్వ ఉంటాయి. 8 కేజీల బరువును ఆరు మీటర్ల పైకి ఎత్తడానికి సరిపడే శక్తి అది. పన్ను కొన గంటకు 110 కి.మీ. దాటి తిరుగుతుంది. ఈ అంకెలు గొప్పలకు చెప్పడం లేదు. ఆ డ్రమ్ పక్కన మీ వేళ్లు, మీ స్నేహితుడి ముఖం ఉంటాయి కాబట్టి చెబుతున్నాను.

5. మెటీరియల్, హీట్ ట్రీట్‌మెంట్

పళ్లకు మైల్డ్ స్టీల్ వేస్తే మొదటి గట్టి దెబ్బకే వంగుతాయి. మరీ గట్టిపరిచిన టూల్ స్టీల్, గ్రైండర్ డిస్కులు, రంపం బ్లేడ్లు అయితే ముక్కలై ఎగురుతాయి. మనకు కావలసింది గట్టితనం, సాగే గుణం రెండూ ఉన్న ఉక్కు. ఈఎన్24 బెంగళూరులో తేలిగ్గా దొరుకుతుంది. హీట్ ట్రీట్‌మెంట్ షాపులో 40 నుంచి 45 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టితనం కొలత) అడగండి, "బాగా గట్టిగా చెయ్యన్నా" అని మాత్రం అనొద్దు. ఆ మాట వింటే వాళ్లు 55 దాటించి ఇస్తారు, పన్ను మధ్యలోకి విరుగుతుంది.

వరుస తప్పకూడదు: రంధ్రాలు, స్లాట్లు, మర పని అంతా ముందు పూర్తి చేయించి, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్, చివర్లో అవసరమైన చోట గ్రైండింగ్. గట్టిపడ్డాక రంధ్రం వేయమంటే డ్రిల్ బిట్లు పోతాయి, మీ మీద కోపం వస్తుంది. హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత బేరింగ్ కూర్చునే చోటు కొంచెం మారుతుంది కాబట్టి అక్కడ గ్రైండింగ్‌కు 0.3 మి.మీ. వదిలి పెట్టమనండి.

చాలామంది లారీ కమాన్ కట్ట ముక్క వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, అది మంచి స్ప్రింగ్ స్టీలే. అయితే గ్యాస్ కటింగ్ చేస్తే వేడికి దాని గట్టితనం పోతుంది, వైర్‌కట్ గానీ, నీళ్లు పోస్తూ కోసే కటింగ్ గానీ చేయించాలి. ఏళ్ల తరబడి లారీ కింద వంగి లేచిన ముక్కలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు. డబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే తప్ప కొత్త ఈఎన్24 ముక్కే కొనండి.

చెక్ చేసుకునే పద్ధతి: షాపువాళ్లను మీ ఎదుటే రాక్‌వెల్ మెషిన్ మీద కొలిచి చూపమనండి. అది కుదరకపోతే కొత్త ఆకురాయి తీసుకుని పన్ను మూల మీద రుద్దండి. కష్టం మీద కొంచెం కరిస్తే సరిగ్గా ఉంది. అద్దం మీద జారినట్టు జారిపోతే మరీ గట్టిపడింది, టెంపరింగ్‌కు (మళ్లీ వేడిచేసి గట్టితనం తగ్గించడానికి) వెనక్కి పంపండి. మైల్డ్ స్టీల్‌లా తేలిగ్గా అరిగిపోతే ట్రీట్‌మెంట్ జరగనట్టే.

6. పళ్లు బిగించడం

బోల్టు పని పన్నును చోటులో పట్టి ఉంచడం మాత్రమే. దెబ్బ మోయాల్సింది స్లాట్ గోడ. కాబట్టి డ్రమ్‌లో మిల్లింగ్‌తో స్లాట్ తీయించి, పన్ను అందులో బిగుతుగా కూర్చునేలా చేయండి. తర్వాత ఎం8 బోల్టుతో బిగించి థ్రెడ్‌లాకర్ వేయండి. స్లాట్ లేకుండా చదునైన చోట రెండు బోల్టులతో పన్ను కట్టిన డ్రమ్‌లు మొదటి రౌండ్‌లోనే పళ్లు ఊడగొట్టుకుంటాయి. పన్నును నేరుగా వెల్డ్ చేద్దామనుకోకండి, వెల్డింగ్ వేడికి హీట్ ట్రీట్‌మెంట్ పోయి, అతుకు పక్కనే విరుగుతుంది.

7. షాఫ్ట్, బేరింగులు

షాఫ్ట్‌ను ఫ్రేమ్‌కు కదలకుండా బిగించి, డ్రమ్ మాత్రం బేరింగుల మీద తిరిగేలా చేయండి. అప్పుడు షాఫ్ట్ ఫ్రేమ్ రెండు గోడలనూ కలిపి పట్టే కట్టు అవుతుంది. షాఫ్ట్‌తో పాటే డ్రమ్ తిరిగితే, రెంటినీ కలిపి పట్టే గ్రబ్ స్క్రూలు, కీవేలు ఒక్కొక్కటీ వదులవుతాయి.

ఆ గోడలు అల్యూమినియం 6061 లేదా 6082 ప్లేటుతో కనీసం 10 మి.మీ. మందం ఉండాలి. అక్రిలిక్ వాడొద్దు. బేరింగులు మంచి బ్రాండువే కొనండి, డబ్బా, సీలు చూసి తీసుకోండి. వాటిని సుత్తితో కొట్టి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద కొడితే గోళీలు దెబ్బతింటాయి. బయటి రింగుకు సరిపోయే గొట్టం ముక్క పెట్టి వైస్‌లో నెమ్మదిగా నొక్కండి. ఎక్కించాక డ్రమ్‌ను చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే ఆ బేరింగ్ పోయినట్టే.

8. మోటారు, బెల్టు

500 కేవీ మోటారు, 6ఎస్ బ్యాటరీ అయితే ఖాళీగా సుమారు 11,100 ఆర్‌పీఎం తిరుగుతుంది. మోటారు పుల్లీ 25 మి.మీ., డ్రమ్ పుల్లీ 45 మి.మీ. పెడితే డ్రమ్ 6100 దగ్గర ఆగుతుంది. మోటారును డ్రమ్‌కు నేరుగా తగిలించకండి, ప్రతి దెబ్బా మోటారు షాఫ్ట్ మీద పడుతుంది.

బెల్టు విషయంలో నాకు ఇష్టమైంది కాస్త జారే వీ-బెల్టు లేదా గుండ్రటి పాలీయురేథేన్ బెల్టు. గట్టి దెబ్బ తగిలి డ్రమ్ ఒక్కసారిగా ఆగినా బెల్టు జారుతుంది, మోటారు కాలిపోదు. పళ్ల బెల్టు జారదు కాబట్టి శక్తి బాగా అందిస్తుంది, కానీ షాక్ కూడా అంతే బాగా మోటారుకు అందిస్తుంది. చైన్ వద్దు. మోటారు మౌంట్ రంధ్రాలు పొడుగ్గా కోయించుకుంటే బెల్టు బిగింపు సర్దుకోవచ్చు.

డ్రమ్ తిరిగే దిశ ముఖ్యం. బాట్ ముందు నిలబడి చూస్తే పళ్లు కింది నుంచి పైకి రావాలి. ఉల్టా తిరుగుతుంటే ఈఎస్‌సీ నుంచి మోటారుకు వెళ్లే మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చి కలపండి. పోటీ రోజు హడావిడిలో వైర్లు తప్పు కలిపి, డ్రమ్ కిందికి కొడుతూ తమ బాట్‌నే ఎదుటి బాట్ మీదికి ఎక్కించుకున్న టీములు ఉన్నాయి. అందుకని వైర్లకు రంగు టేపు చుట్టి గుర్తు పెట్టండి.

9. బ్యాలెన్సింగ్

దీనికి ఎంత సమయం పెట్టినా నష్టం లేదు. రెండు తిన్నని ఇనుప పట్టీలను స్పిరిట్ లెవల్‌తో సమానంగా పెట్టి, డ్రమ్‌లో బిగుతైన షాఫ్ట్ ముక్క దూర్చి వాటి మీద దొర్లించండి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి వచ్చి ఆగితే అక్కడ బరువెక్కువ. ఆ వైపు కొంచెం గ్రైండ్ చేసి మళ్లీ చూడండి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగే వరకు చేయండి.

ఒక చిక్కు ఇక్కడే ఉంది. ఎడమ అంచున ఒక పన్ను, దానికి సరిగ్గా ఎదురుగా కుడి అంచున ఇంకో పన్ను పెట్టారనుకోండి. పట్టీల మీద డ్రమ్ చక్కగా సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. వేగం పెంచగానే మాత్రం రెండు చివరలూ చెరో వైపు లాగి బాట్ మొత్తం వణుకుతుంది. అందుకే తొలి డ్రమ్‌కు రెండు పళ్లూ పొడవులో మధ్య భాగంలో, ఎదురెదురుగా, ఒకే బరువుతో పెట్టించండి. తూకం యంత్రం మీద రెండు పళ్ల మధ్య తేడా ఒక గ్రాము దాటనివ్వొద్దు. పీణ్యలో డైనమిక్ బ్యాలెన్సింగ్ చేసే యూనిట్లు ఉంటాయి, బడ్జెట్ ఉంటే ఒకసారి చేయించండి.

10. వైరింగ్, ఫెయిల్‌సేఫ్

డ్రైవ్‌కు, వెపన్‌కు వేరు వేరు బ్యాటరీలు పెట్టగలిగితే పెట్టండి. వెపన్ ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి రిసీవర్ రీసెట్ కాకుండా ఉంటుంది. వెపన్ లైన్‌కు 12 ఏడబ్ల్యూజీ సిలికాన్ వైరు, ఎక్స్‌టీ90 కనెక్టరు వాడండి. బయటి నుంచి లాగేస్తే కరెంటు తెగిపోయే లింక్ తప్పనిసరి.

బ్యాటరీ కరెంటు ఎలా చూడాలంటే, ఆంపియర్ అవర్లను సీ రేటింగుతో (బ్యాటరీ ఎంత వేగంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) గుణించండి. 2200 ఎంఏహెచ్, 35సీ అంటే 77 ఆంపియర్లు. సీ రేటింగులు డబ్బా మీద కాస్త ఎక్కువే రాస్తారు కాబట్టి సగం దాకా నమ్మండి.

ఫెయిల్‌సేఫ్ అంటే సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగిపోవడం. ఆ పరీక్ష బెల్టు తీసేసి చేయండి. మోటారు తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటారు వెంటనే ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ సెట్ కాలేదు, అది సరయ్యేదాకా బెల్టు ఎక్కించొద్దు. టెక్నికల్ ఇన్‌స్పెక్షన్‌లో మొదట చూసేది ఇదే, చాలా టీములను వెనక్కి పంపేది కూడా ఇదే.

11. టెస్టింగ్

పీజీ గదిలో, హాస్టల్ కారిడార్‌లో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వెపన్ తిప్పొద్దు. తలుపు చాటున నిలబడినా సరే వద్దు. కాలేజీ వర్క్‌షాప్‌లో ఫ్యాకల్టీని అడిగి, ఆరు వైపులా మూసిన మందపాటి ఇనుప ప్లేట్ల పెట్టెలో చేయండి. లోపల ఫోను పెట్టి వీడియో రికార్డు చేసి, అంతా ఆగాక చూడండి. అలాంటి చోటు దొరకకపోతే పోటీకి ఒక రోజు ముందు వెళ్లి నిర్వాహకుల టెస్ట్ బాక్సులో చేసుకోండి.

వరుస ఇది: ముందు బెల్టు లేకుండా మోటారు ఒక్కటే. తర్వాత పళ్లు తీసేసిన డ్రమ్ తక్కువ వేగంలో. తర్వాత పళ్లతో పావు వంతు, సగం, చివరికి పూర్తి వేగం. ప్రతి మెట్టు తర్వాత డ్రమ్ పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లి, లింక్ లాగి, వెపన్ లాక్ పెట్టి, ఆ తర్వాతే ఇంకేదైనా ముట్టుకోండి. లింక్ పెట్టేటప్పుడు లాక్ ఉండాలి, లాక్ తీసేది అందరికన్నా చివర. ఈ క్రమం టీమ్‌లో ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి.

ఫలితం సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది? టాకోమీటర్‌లో లెక్క వేసిన ఆర్‌పీఎంలో కనీసం 85 శాతం రావాలి. ఆగి ఉన్న స్థితి నుంచి పూర్తి వేగం మూడు నాలుగు సెకన్లలో అందాలి, ఆరు దాటితే పుల్లీ నిష్పత్తి పెంచండి, అంటే డ్రమ్ పుల్లీ ఇంకా పెద్దది వేయండి. మూడు నిమిషాలు నడిపాక మోటారు మీద రెండు సెకన్లు వేలు పెట్టగలగాలి. సగం వేగం దగ్గర వణుకు మొదలైతే బ్యాలెన్సింగ్‌కు వెనక్కి వెళ్లండి. పూర్తి వేగంలో బాట్‌ను గట్టిగా తిప్పినప్పుడు ఒక చక్రం నేల వదిలేస్తుంటే అది గైరో ప్రభావం, చక్రాల మధ్య వెడల్పు పెంచండి లేదా తిరిగేటప్పుడు డ్రమ్ వేగం తగ్గించడం అలవాటు చేసుకోండి. చివరిగా, థర్మోకోల్ కాకుండా గట్టి చెక్క దిమ్మె మీద కొట్టించి చూడండి. చెక్కలో లోతైన గాట్లు పడితే బైట్ ఉన్నట్టు, నల్లగా కాలిన గీత పడితే పళ్లు రాసుకుపోతున్నట్టు.

ఎక్కువగా జరిగే తప్పులు

డ్రమ్ మీద మనసంతా పెట్టి డ్రైవ్‌ను చివరికి వదిలేయడం అన్నింటికన్నా పెద్ద తప్పు. నడవని బాట్‌కు ఎంత మంచి వెపన్ ఉన్నా, 10 లెక్కపెట్టేలోపు ఓడిపోతుంది. పోటీకి వారం ముందే డ్రైవింగ్ సాధన మొదలుపెట్టండి, వెపన్ లాక్ చేసి, కింద సీసాలు పెట్టి వాటి చుట్టూ తిప్పండి.

రెండోది బాట్ తిరగబడితే ఏంటన్నది ఆలోచించకపోవడం. రెండు పక్కలా నడిచేలా చక్రాలు పెద్దవి పెట్టండి. తిరగబడ్డాక డ్రమ్ ఉల్టా దిశలో కొడుతుంది కాబట్టి రివర్స్ తిరిగే ఈఎస్‌సీ తీసుకోండి.

మూడోది లైపో. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. 1సీ దాటి ఛార్జ్ చేయొద్దు, 2200 ఎంఏహెచ్ అంటే 2.2 ఆంపియర్లు. సెల్‌కు 3.3 వోల్టుల కిందికి దిగనివ్వొద్దు. దాచేటప్పుడు సెల్‌కు 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని బాట్‌లో పెట్టొద్దు.

లిఫ్టర్ చేసుకునేవాళ్లకు

డ్రమ్‌కు పెట్టే 3 కేజీల్లో 1.5 లిఫ్టర్‌కు, మిగతాది కవచానికి, డ్రైవ్‌కు ఇవ్వండి. చేయి పొడవు 25 సెం.మీ. అయితే 8 కేజీలు ఎత్తడానికి షాఫ్ట్ దగ్గర సుమారు 20 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. మోటారు దానికి రెట్టింపు ఇవ్వగలిగేలా గేర్ ఎంచుకోండి. చేయి కొన నేలను రాసుకుంటూ వెళ్లాలి, కొన కింద ఏటీఎం కార్డు దూరకూడదు. ఎత్తినప్పుడు మీ బాటే ముందుకు బోర్లా పడకుండా బ్యాటరీలను వెనక్కి జరపండి. ముందు గోడలకు 4 మి.మీ. హార్డాక్స్ (తేలిగ్గా అరగని గట్టి ఉక్కు) ప్లేటు ఏటవాలుగా కట్టండి, ఎదుటి స్పిన్నర్ పళ్లకు పట్టు దొరకదు.

పోటీకి వెళ్లేటప్పుడు

అదనంగా రెండు జతల పళ్లు, రెండు బెల్టులు, ఒక ఈఎస్‌సీ, ఒక మోటారు, నాలుగు బేరింగులు, ప్రతి సైజు బోల్టూ కనీసం పది పట్టుకెళ్లండి. అలెన్ కీలు రెండు సెట్లు ఉండాలి. బ్యాటరీ కొనలకు టేపు చుట్టి సంచిలో వేయండి.

ప్రతి ఫైట్ తర్వాత మీకు దొరికే కొద్ది నిమిషాల్లో వరుసగా ఇవి చూడండి: లింక్ తీశారా, లాక్ పెట్టారా. పళ్ల బోల్టులు వదులయ్యాయా. షాఫ్ట్ వంగిందా, డ్రమ్ చేత్తో తిప్పితే ఎక్కడైనా ఆగుతోందా. బెల్టు అంచు చిరిగిందా. వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా తెగిందా. తర్వాత టార్చి వేసి ప్రతి పన్ను మొదలు దగ్గర చూడండి. వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ పన్ను తీసేసి కొత్తది బిగించండి. అప్పుడు దానికి ఎదురుగా ఉన్న రెండో పన్ను కూడా మార్చాలి, లేకపోతే బ్యాలెన్స్ తప్పుతుంది.